తెల్లవారుజాము క్లాసులో తప్పుల పెద్దాయన

"ఎస్టర్‌డే ఐ గోయింగ్ మార్కెట్, మేడం!"

పెద్దాయన గొంతు వినగానే క్లాసంతా గొల్లుమంది.

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. కిటికీ అవతల పొగమంచు వీధిని మింగేసి కూర్చుంది. టీచరమ్మ ఎదురుగా ల్యాప్‌టాప్ తెర మీద పదిహేను నల్లటి గడులు. ఒక్కరి ముఖమూ కనిపించదు. పనులకు వెళ్లేలోపు నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుందామని వచ్చినవాళ్ల గొంతులు మాత్రం ఎక్కడి నుంచో తేలుతూ వస్తాయి. ఒక్కోసారి ఆమెకు కలలో పాఠం చెబుతున్నట్టే ఉండేది.

"గోయింగ్ కాదు బాబాయిగారూ. నిన్నటి సంగతి కదా, ఏమనాలి?"

"గాన్?"

"వెంట్!" లారీ డ్రైవరు అందుకున్నాడు.

"ఐ వెంట్ టు ద మార్కెట్" అని సన్నగా పూర్తి చేసింది ఆస్పత్రి ఆయా. ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి.

"ఓహో! మరి మార్కెట్లో ఐ బయ్‌డ్ ఉల్లిపాయలు!" అన్నాడు పెద్దాయన హుషారుగా.

మళ్లీ నవ్వులు. ఆరుగురు ఒకేసారి దిద్దారు.

ఆ సాయంత్రం ఈ క్లాసులు నడిపే సంస్థ మేనేజరు ఫోన్ చేశాడు.

"ఆ ముసలాయన టైమంతా తినేస్తున్నాడు మేడం. పాఠాలు సగం కూడా కాలేదు. తీసేయండి."

మర్నాడు క్లాసయ్యాక టీచరమ్మ పెద్దాయన్ని ఆపింది.

"బాబాయిగారూ, ఏమీ అనుకోకండి. మీరు ముందు అక్షరాలు నేర్పే క్లాసులో చేరితే బాగుంటుంది."



"ఇక్కడే ఉండనివ్వమ్మా. వెనక బెంచీలో కూర్చుంటాను."

"ఇందులో వెనక బెంచీ ఎక్కడుందండీ!" నవ్వేసింది ఆమె.

"అదీ నిజమే" అన్నాడాయన. గడి మాయమైంది.

తర్వాతి రోజు పాఠం గుర్రంలా పరుగెత్తింది. అడ్డుతగిలేవాళ్లే లేరు.

మాట్లాడేవాళ్లూ లేరు.

ఆమె బొమ్మలు చూపించింది. పందేలు పెట్టింది. సరిగ్గా చెబితే తెర మీద నక్షత్రాలు పూయిస్తానంది. అడిగిన ప్రశ్న బావిలో రాయిలా పడిపోయేది, చప్పుడైనా వచ్చేది కాదు. పదిహేను గడులు పదకొండయ్యాయి, పదకొండు అయిదయ్యాయి. వార్డు క్లర్కు ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉన్న ఆయా, ఇంగ్లీషులో అడుగుతారని భయపడి అక్కడికి వెళ్లనే లేదట.

ఉండబట్టలేక డ్రైవరును అడిగింది.

"ఏమైందయ్యా మీ అందరికీ? నోరే విప్పడం లేదు!"

"ఆయనుంటే ధైర్యం మేడం. మేమెంత తప్పు మాట్లాడినా మాకంటే ముందు ఆయన తప్పొకటి ఉండేది."

ఆ మాట ఆమె మనసులో ముల్లులా దిగింది. వెంటనే పెద్దాయన నంబరు వెతికి ఫోన్ చేసింది. ఆయన భార్య ఎత్తింది.

"బాబాయిగారికి ఒకసారి ఇస్తారా అమ్మా? క్లాసుకి మళ్లీ రమ్మని బతిమాలుకుందామని చేశాను."

"ఎలా మాట్లాడతారమ్మా? పోయిన వారమే ఆపరేషన్ అయింది. క్యాన్సరని గొంతు తీసేశారు."

 టీచరమ్మ కళ్ల ముందు గది అంతా నీళ్లలో మునిగినట్టు మసకబారింది.

"రెండు నెలల ముందే చెప్పారు డాక్టర్లు, ఇక గొంతు మిగలదని. అప్పుడే నాలుగు గొంతులు వింటూ ఉండాలనిపిస్తోందంటూ మీ క్లాసులో చేరారు. మొదటిరోజు వచ్చి, 'పాపం, ఒక్కరూ నోరు మెదపడం లేదే' అని ఒకటే బాధ."

"అలాంటి స్థితిలో కూడా ఇంగ్లీషు నేర్చుకోవాలని అంత తపనా ఆయనకి!"

అవతల ఆవిడ చిన్నగా నవ్వింది, ఏడుపులాంటి నవ్వు.

"నేర్చుకోవడమేంటమ్మా, ముప్ఫై ఆరేళ్లు కాలేజీలో ఇంగ్లీషు చెప్పినాయన, రేపు తను ఏ తప్పు మాట్లాడితే ఎవరి నోరు విచ్చుకుంటుందా అని రోజూ సాయంత్రం కూర్చుని రాసుకునేవారు!"