చరణంలో మొదటి మాట

అయినా యుగళగీతం ఒక్కదాన్నే పాడితే ఎవరు వింటారు, రేపు కచేరీకి రానని చెప్పేయడమే మేలు, అనుకుంది నూకరత్నం. పూరీ గేట్ దగ్గరి హాల్లో రిహార్సల్ ముగిసి అందరూ వెళ్లిపోయారు. ఏళ్ల తరబడి ఆమెతో పాత సినిమా పాటలు పాడిన ఎబినేజర్ మొన్న వేసవిలో పోయాడు. మగ గొంతు తీసేసిన ట్రాక్‌ను, బృందంలో కీబోర్డు వాయించే వినోద్ ఆమె ఫోన్లో పెట్టి వెళ్లాడు.

"హీరో నేడని హీరోయిన్ ఇంటికెల్లిపోద్దేటి పిన్నీ? ఓపాలి పాడి సూడు," అన్నాడు వెళ్తూ.

పల్లవి పాడింది. హీరో వంతులో వాద్యాలే మోగాయి. తన చరణానికి ఊపిరి తీసుకుంటుండగా స్పీకర్లో మగ గొంతు అందుకుంది.

ఎబినేజర్ ఎప్పుడూ అంతే. ఆమె చరణంలో మొదటి మాట తానే లాగేసుకునేవాడు. జనం ఈలలు వేసేవారు. ఆమె నవ్వేసి రెండో మాట నుంచి పాడేది.

ట్రాక్ ఆపేసింది. వాద్యాలు ఆగిపోయాయి. గొంతు మాత్రం ఆగలేదు.

"ఏటి రత్నం, ఇంకా నానే ఎత్తుకోవాలా?"

వెనక తలుపు తెరిచే ఉంది. పారిపోవచ్చు. కానీ భయం అడుగు నుంచి, ఇన్నేళ్లూ మింగిన మాటలన్నీ ఒక్కసారిగా గొంతులోకి పొంగాయి.

"వద్దు, అన్నా. రేపు పాడేది నాను. ఈ చరణం నాది."

ఆమె చెవి పక్కనే ఎవరో పాడటానికి ఊపిరి పీల్చుకున్నారు.

నూకరత్నం మైకు దగ్గరకు లాక్కుని, అతనికంటే ముందే మొదటి మాట ఎత్తుకుంది.