గింజ కూడా లేదండి

"ఎక్కడో గోధుమ ఈయన కడుపులోకి వెళ్తోందమ్మా. బాగా గుర్తు తెచ్చుకోండి," అన్నారు డాక్టర్ జగన్నాథరావు గారు.

దేవకుమారికి ఒళ్లు మండింది. పిండి డబ్బా పక్కింటికి ఇచ్చేసి ఏడాదయింది. బిస్కెట్లు, సేమియా, రవ్వ తన ఇంటి గుమ్మం తొక్కలేదు. ఇంగువలో గోధుమపిండి కలుపుతారని తెలిశాక పులుసులో అదీ మానేసింది. ఇంకేం చేస్తుంది మనిషి?

"గింజ కూడా లేదండి మా ఇంట్లో. బైబిలు మీద చెయ్యేసి చెప్పమన్నా చెబుతాను."

"దాన్నేం అనకండి డాక్టరు గారూ," అన్నాడు ఆసుపత్రి మంచం మీంచి భర్త ఏసురాజు. తణుకులో పాఠం చెబితే వీధి చివరికి వినబడే గొంతది. ఇప్పుడు పక్కనున్నవాళ్లకే అందడం లేదు. "నాకోసం పాపం అదీ చపాతీ మొహం చూడ్డం లేదు."

డాక్టరు గారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"అనడం కాదండీ. మీ పేగుకి గోధుమ పడదు. మానేస్తే పుండు మానాలి. మానలేదంటే ఇంకా తింటూనైనా ఉండాలి, చిన్నపేగులో లింఫోమా అయినా మొదలై ఉండాలి. చాలా అరుదైన కేన్సరది. పేగు ముక్క తీసి చేసిన పరీక్షలో అటూ ఇటూ తేలలేదు. తినడం లేదని మీరు గట్టిగా అంటే పొట్ట కోసి చూడాల్సిందే. అదే అయితే ఆపైన కీమో. ఈ నీరసంలో తట్టుకుంటారని మాటివ్వలేను."

"తింటున్నారని తేలితేనండీ?"

"అంతకన్నా మంచి కబురు లేదమ్మా. అది ఆపేసి కొన్నాళ్లు చూస్తాం. కత్తితో పని ఉండకపోవచ్చు."

తింటున్నారు అనేద్దామన్నంత ఆశ పుట్టింది దేవకుమారికి. కానీ అబద్ధమాడి, రోగం ముదరబెట్టి, చేజేతులా మొగుణ్ణి చంపుకుంటుందా?

"లేదండి," అంది. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేసింది.

డాక్టరు గారు వెళ్లాక వరండాలో కూలబడి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. "ఈయన్ని నాకుంచు తండ్రీ, ఇంకేమీ అడగను," అంది. కళ్లు తుడుచుకుంటుంటే కొంగు చివర ముడి చెంపకి తగిలింది. దాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుంటే కాస్త ధైర్యం వచ్చింది. మందులు పనిచేయకపోయినా ఇది చేస్తుందని ఆమె నమ్మకం.

లోపలికొచ్చి ఫ్లాస్కులోంచి గ్లాసులోకి బియ్యపు గంజి వంచింది.

"ప్రార్థన చేసి ఇవ్వు. అప్పుడైతేనే దిగుతుంది నాకు," అన్నాడు ఏసురాజు.

ఆమె రోజూలాగే అటు తిరిగి కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి.

ముడి విప్పి, ఆదివారం చర్చిలో ప్రభుబల్ల దగ్గర ఇచ్చిన రొట్టె చిటికెడు గంజిలో నలిపింది.