ముందు బజారు

గుడి మెట్ల దగ్గరికొచ్చాక అమ్మ వెనక్కి తిరిగింది. "దేవుడెక్కడికీ పోడు. బజారైతే మూసేస్తారు."

ఏటి ఒడ్డునున్న ఈ పాత ఊరికి ఆమెను దర్శనానికని హడావుడిగా తెచ్చాను. ఎందుకో చెప్పలేదు.

గొడుగుల దుకాణంలో పీట వేయించుకుని కూర్చుని, ఒక్కొక్కటీ విప్పి, ఊచలు వంచి చూసింది.

"ఏడాది గ్యారంటీ పెద్దమ్మా," అన్నాడు దుకాణదారు.

"ఏడాది ఏ మూలకయ్యా? పదేళ్ళిస్తేనే కొంటా."

"అమ్మా, ఎండ మండిపోతోంది, పద," అని చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుంది.

"పదేళ్ళెవరిస్తారు పెద్దమ్మా?" దుకాణదారు నవ్వాడు.

"ఆ డాక్టరు నీకన్నా పిసినారి నాయనా. నాకు మూణ్ణెల్లే ఇచ్చాడు. ఆ సంగతి నాకు తెలీదనుకుని ఇది నన్ను గుళ్ళు తిప్పుతోంది."

గొడుగు టప్పున విప్పి నా చేతిలో పెట్టింది.

"ఈ ఎండకి నువ్వు పట్టుకో. వచ్చే ఏడాది వానలకి నేను పట్టుకుంటా."