ఏడో ప్రశ్న

"టాప్ సంగతి అడుగు," అన్నాడు నైజెల్, చేతిలోని కాగితం చూసుకుంటూ.

జిలియన్ భర్త కాలు గట్టిగా తొక్కింది.

చినుకులు మొదలై ఐదు నిమిషాలయింది. ఎదురుగా, కారు అమ్ముతున్న హాకిన్ గారి షెడ్డు ముందు ఎర్రటి చిన్న స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు, పైన వేసే గుడ్డ కప్పు, అదే టాప్, దించేసి, వానకి నిగనిగలాడుతోంది. ఈ వేసవంతా నెత్తిన ఆకాశం తప్ప ఏమీ లేకుండా సముద్రం పక్క రోడ్డు మీద తిరగాలని జిలియన్ ఫిబ్రవరి నుంచీ అమ్మకం ప్రకటనలు వెతుకుతోంది. ఇది ఐదో కారు. ముందు చూసిన నాలుగూ తుప్పు ముద్దలు.

నైజెల్ పది ప్రశ్నలు రాసుకొచ్చాడు. అలాంటి మనిషి. ఆరు అయిపోయాయి. తలుపుల కిందంతా అయస్కాంతం ఆనించి చూశాడు, ఎక్కడా లప్పం పెట్టి కప్పెట్టలేదు. కాళ్ల దగ్గర తివాచీ ఎత్తి చూశాడు, తుప్పు లేదు. ఇంజను తాళం తిప్పగానే అందుకుంది. ఏడోది మిగిలింది: టాప్ వేయించి, చిరుగులున్నాయేమో చూడాలి.

"ఏమంటున్నారు సార్?" అన్నాడు హాకిన్. డెబ్భై దాటిన మనిషి. టోపీ అంచు నుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోవడం లేదు.

"ఏం లేదండీ, కారు బాగుందంటున్నాడు," అంది జిలియన్.

"పొద్దున బ్రిస్టల్ నుంచి ఒకాయన వచ్చాడమ్మా. నాలుగు చినుకులు పడ్డాయో లేదో, 'టాప్ వేద్దామా' అన్నాడు. కారు అమ్మనని చెప్పి పొమ్మన్నాను. తడిసిపోతానని ఏడ్చేవాడికి ఇలాంటి కారెందుకు? బస్సెక్కమనండి."

జిలియన్ పకపకా నవ్వింది. నైజెల్ నవ్వలేదు. వాళ్లు బస్సులోనే వచ్చారు.

"మరి మీరో? మీరెప్పుడూ వేయరా?" అన్నాడు, ఊరుకోకుండా.

"నేనా? ఈ కారు కొని పదకొండేళ్లయింది సార్. ఒక్కరోజంటే ఒక్కరోజు టాప్ వేసుంటే నన్నడగండి! మంచు పడ్డా అంతే." హాకిన్ గడియారం చూసుకున్నాడు. "రెండింటికి ఇంకొకాయన వస్తానన్నాడు. నడిపి చూస్తారా అమ్మా, లేక వాన వెలిసేదాకా లోపల కూచుని టీ తాగుతారా?"

"టీ మా ఆయన తాగుతాడు. తాళాలివ్వండి," అంది జిలియన్.

హాకిన్‌ని పక్కన కూచోబెట్టుకుని రోడ్డెక్కగానే ఆమెకి ఒళ్లంతా పులకరించింది. వేగం అందుకుంటే చినుకులు అద్దం మీంచి నెత్తి దాటి వెనక్కి ఎగిరిపోతున్నాయి. మలుపు తిరిగితే కింద సముద్రం, బూడిద రంగులో, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా. ఎదురుగా ఇలాంటిదే ఇంకో పాత కారు, అదీ టాప్ లేకుండానే వచ్చింది. నడుపుతున్న ముసలావిడ నిలువునా తడిసి, చెయ్యెత్తి ఊపింది. జిలియనూ ఊపింది, కేక కూడా పెట్టింది.

"చూశారా? మనవాళ్లు మనల్ని గుర్తుపడతారు," అన్నాడు హాకిన్.

మనవాళ్లు! ఆ మాటతో జిలియన్ పడిపోయింది. తిరిగొచ్చేసరికి జుట్టు చెంపలకి అంటుకుపోయింది, పళ్లు టకటకలాడుతున్నాయి, నవ్వు మాత్రం ఆగడం లేదు.

"జిల్, ఏడోది..." నైజెల్ గొణిగాడు.

"నోరెత్తావంటే నిన్నిక్కడే వదిలేసి పోతాను," అంది ఆమె, పంటి బిగువున. "రెండింటికి ఆ మనిషొస్తాడు. వీళ్లూ వానకి భయపడే రకమే అనుకుంటే మనకి అమ్మడు. నా పరువు తీయకు."

అడిగిన ధరంతా ఫోనులోనే పంపించేసింది. హాకిన్ ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు. సీట్ల వెనకాల, టాప్ మడిచిపెట్టే చోట, ఉబ్బెత్తుగా ఉన్న నల్ల కవరు మీద చెయ్యి వేసి, గుండీలన్నీ ఒకసారి నొక్కి చూశాడు.

"తగిన మనిషి చేతిలోనే పడిందమ్మా నా బండి," అన్నాడు.

అర మైలు వెళ్లారో లేదో కుండపోత. పైగా ముందు ఒక ట్రాక్టరు నత్తనడక నడుస్తోంది. దాన్ని దాటే దారి లేదు, వేగం లేకపోయేసరికి వానంతా నేరుగా ఒళ్లోకే. నైజెల్ కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇక దానివల్ల ప్రయోజనం లేదు.

"ఇక్కడికి ఆయనకి మనం కనబడం కదా?" అన్నాడు మెల్లిగా.

జిలియన్ అద్దంలో వెనక్కి చూసింది. బండిని రైలు వంతెన కిందికి మలిపి ఆపింది.

"ఎవరికైనా చెప్పావంటే చంపేస్తాను," అంది. "పట్టు, టాప్ వేద్దాం."

ఇద్దరూ చెరో పక్కనుంచి గుండీలు విప్పారు. నల్ల కవరు ఎత్తారు. లోపల గుడ్డ లేదు, కమ్మీల్లేవు. శుభ్రంగా సర్దిన రెండు పాత తలగడలు, వాటి మధ్య ఓ పెద్ద గొడుగు.

నైజెల్ జేబులోంచి ముద్దయిపోయిన కాగితం తీశాడు.

"ఏడో ప్రశ్న," అన్నాడు.

గొడుగు కర్రకి ప్లాస్టిక్ సంచిలో చీటీ కట్టి ఉంది. జిలియన్ విప్పి పైకే చదివింది.

"నన్ను తిట్టుకోకండి. నేను కొన్ననాడూ వానే. టాప్ సంగతి అడగడానికి నాకూ సిగ్గేసింది. బండి మాత్రం బంగారం. గొడుగు బండితోపాటే వచ్చింది, బండితోపాటే ఇచ్చెయ్యండి. అమ్మేటప్పుడు మాత్రం మంచి వాన రోజు చూసుకోండి."