ఇద్దరికే తెలిసిన స్విచ్చు

"దొంగకి తాళం దొరికితే మాత్రం, కారు ఎలా పోతుంది? స్విచ్చు వేయకపోతే ఇంజను దగ్గనైనా దగ్గదు సార్!" టాక్సీ డ్రైవరు స్టేషన్లో గొంతు చించుకుంటున్నాడు. "కారు పోకూడదనే దాన్ని రహస్యంగా పెట్టించాను."

ఇన్‌స్పెక్టర్ రాయడం ఆపాడు. "ఆ స్విచ్చు ఎక్కడుందో ఎవరికి తెలుసు?"

"నాకూ, బిగించినవాడికీ. కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు."

"అయితే ఇంటిదొంగేనయ్యా. ఎవరు బిగించింది?"

డ్రైవరు చేతిలోని ఫోను వంక చూసుకున్నాడు. బిగించింది తమ్ముడు. పొద్దున్నుంచీ వాడి ఫోను పలకడం లేదు.

పక్కనే కూర్చున్న తల్లి అతని మోచెయ్యి పట్టుకుంది. "నిన్న అలిసిపోయి వచ్చావు కదరా నాన్నా. స్టెప్నీ వెనక చెయ్యి పెట్టి స్విచ్చు ఆపడం మర్చిపోయుంటావు. బాగా గుర్తు తెచ్చుకో."

స్టెప్నీ వెనక అని అతను ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

తల్లివైపు తిరిగాడు. ఆమె కళ్లలో ఆశ్చర్యం లేదు. బతిమాలుకోవడం ఒక్కటే ఉంది.

"ఏమయ్యా, మర్చిపోయావా?" విసుగ్గా అడిగాడు ఇన్‌స్పెక్టర్.

మోచేతి మీద తల్లి పట్టు బిగిసింది.

"అవును సార్," అన్నాడు. "నేనే మర్చిపోయాను."

అప్పుడు వదిలింది చెయ్యి.