ఉప్పునీళ్ల కుండ

ఇనుపగొట్టం చుట్టూ నేల మళ్లీ తడిసి ఉంది.

తిమ్మన్న వంగి, వేలితో మట్టి తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు!

ఒళ్లు మండిపోయింది. ఆ గొట్టం అతని రేడియోది. ఎర్తు కోసం పెట్టెలోంచి ఒక తీగను తెచ్చి, పెరటిగోడ బయట నేలలో దిగేసిన ఆ గొట్టానికి చుట్టారు. ఉప్పు పోస్తే నేల చౌడు పడుతుందని సేద్యగాడికి ఒకరు చెప్పాలా? నేల చచ్చిపోతే రేడియో మాత్రం బతుకుతుందా?

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, కోవెలకుంట్లలో ఆ వీధికి మొదటి రేడియో తిమ్మన్నదే. నాలుగు వాల్వుల పెట్టె. సాయంత్రమైతే బ్యాటరీ తగిలించి అరుగు మీద పెట్టేవాడు. వాల్వులు ఎర్రగా వెలిగి మద్రాసు పాట అందుకుంటే వీధంతా అతని ముంగిటే. తిమ్మన్నకు అదే సగం భోజనం.

అంతలో ఎదురింటి వెంకటేశ్వర్లు ఆరు వాల్వులది కొన్నాడు.

మూడు రోజులు తిమ్మన్నకు ముద్ద దిగలేదు.

కానీ ఆరు వాల్వులది గురగురలాడేది. నాలుగు వాల్వులది గంటలా మోగేది. అంతా తన చేతి చలవేనని తిమ్మన్న మీసం తిప్పాడు.

అప్పటి నుంచే ఒక కొత్త మనిషి కనబడసాగాడు. జనం వెనక నిలబడేవాడు. అందరూ పెట్టెను చూస్తే, అతను జనం మొహాలు చూసేవాడు.

"తలకాయలు లెక్కపెడతాండాడు. ఎదురింటోనికి కబురు చేరేసేదానికే," అన్నాడు తిమ్మన్న భార్యతో.

"లేవి కదా వాడు? పట్టాళం నుంచి వచ్చినాడంట," అంది సోమక్క.

"ఎదురింట్లోకి పోతాంటే నేను చూసినా లే."

ఇప్పుడీ ఉప్పు. మరునాడు మిట్టమధ్యాహ్నం కాపు కాశాడు. లేవి కుండతో వచ్చి గొట్టం దగ్గర వంచాడు.

"ఒరే! ఎదురింటోడు పంపినాడా? నేలను చౌడు చేయమన్నాడా?"

లేవి తిరిగి చూడలేదు. తన మానాన పోస్తూనే ఉన్నాడు.

ఆ పొగరు తిమ్మన్న తట్టుకోలేకపోయాడు. కుండను ఒక్క తన్ను తన్నాడు. కుండ పగిలి, మిగిలిన నీళ్లు నెర్రెల్లోకి ఇంకిపోయాయి.

అప్పుడు తలెత్తి చూశాడు లేవి.

"తడి ఆరనీయొద్దు సామీ!" అన్నాడు పెద్దగొంతుతో. పెంకులు ఏరుకుని వెళ్లిపోయాడు.

"చేసిందీ వాడే, అరిచేదీ వాడే!" అని తిమ్మన్న పళ్లు నూరాడు.

వారం తిరక్కముందే రేడియో గొంతు పూడుకుపోయింది. తిమ్మన్న వాల్వులు తీసి తుడిచి పెట్టాడు. మిద్దె మీది తీగను ఇంకా ఎత్తుకు కట్టాడు. బ్యాటరీ మార్చాడు. గరగర తప్ప పాట లేదు. జనం పలచబడ్డారు.

ఒక సాయంత్రం వెంకటేశ్వర్లే వీధి దాటి వచ్చాడు. నవ్విపోవడానికి వచ్చాడనుకున్నాడు తిమ్మన్న.

"లేవిని తరిమినావంట?"

"నీ మనిషే కదా. ఉప్పునీళ్లు పోస్తాండె."

"నా మనిషా! నా గొట్టానికీ నీళ్లు పోయప్పా అని ఇంటికి పిలిపించి, గొట్టం చూపించి బతిమాలినా. పట్టాళంలో వైర్‌లెస్సు చూసినోడు. ఎండిన నేలను ఉప్పునీళ్లతో తడిపితేనే పాట తేటగా వస్తాదంట. ఈ కరువులో కుందూ ఏటి ఇసుకలో చెలమ తోడితే, ఇంటికి పోను ఆయప్పకు మిగిలేది ఒక్క కుండ. ‘నువ్వు ఇంట్లో పెట్టుకుంటావు, తిమ్మన్న పదిమందికి వినిపిస్తాడు’ అనేసినాడు. నిన్ను చూసి నేనెంత కుళ్లినానో నీకేం తెలుసు?"

ఆ ఒక్క మాట వినాలని తిమ్మన్న ఎన్ని నెలలుగా తపించాడో! తీరా విన్నాక నోరు చేదైంది.

"యాడ ఉండాడు?"

"కరువుకు పెండ్లాం బిడ్డలతో బళ్లారి దిక్కు పోయినాడు. యాడని ఎతుకుతావు?"

"ఎతికి తోలుకొస్తా. అరుగు మీద నా పక్కనే కూర్చోబెడతా. కడుపునిండా వినమంటా."

వెంకటేశ్వర్లు వింతగా చూశాడు.

"వినేదేందప్పా? యుద్ధంలో బాంబు పడి ఆయప్పకు రెండు చెవులూ పోయినాయి. పాట తేటగా వస్తాందో లేదో, నీ ముంగిట జనం మొగాలు చూసి తెలుసుకుంటాండె."