జేబులో చేపపిల్ల

సీసాలో చేపపిల్ల ఇంకా కదులుతూనే ఉంది.

"పొద్దున్న శవం చొక్కా జేబులో దొరికింది మేడమ్. నీళ్ళు లేకుండా ఇంతసేపు ఎలా బతికింది?" అన్నాడు ఎస్సై. ఆయనకు చేప కంచంలో తెలిసినంతగా సీసాలో తెలియదు.

"కొరమీను కుటుంబం. గాలి పీల్చుకునే జాతి. తడిగుడ్డ ఉంటే చాలు" అంది చేపల మేడమ్. మ్యూజియంలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ సీసాలే ఆమె లోకం.

చనిపోయినవాడు ఆమె శిష్యుడు. చేపల బొమ్మలు అచ్చు గుద్దినట్టు గీసేవాడు. ఏట్లో శవమై తేలాడు. ముందురోజు అతనితో కీచులాడిన పడవవాడిని లాకప్‌లో పెట్టారు. వాడి భార్య మ్యూజియం గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఇది ఏటి చేపైతే ఆ పడవవాడి పని అయిపోయినట్టే. వేరే నీళ్ళదైతే ఇంకెవరో ఇంకెక్కడో ముంచి, తెచ్చి ఏట్లో పడేశారన్నమాట. వాణ్ణి వదిలేస్తాను. వాడు ఆ రోజంతా పడవ దిగలేదు" అన్నాడు ఎస్సై.

"మా ఆయన ప్రాణం మీ నోట్లో ఉందమ్మా" అంది ఆ ఇల్లాలు.

మేడమ్ భూతద్దం అందుకుంది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. కన్నబిడ్డలాంటి శిష్యుడు మరి! ఎస్సై మర్యాదగా తల తిప్పుకున్నాడు.

"వీటిలో చాలా రకాలున్నాయా?"

"బోలెడు. కొండవాగుల్లో రాళ్ళ కింద నక్కేవి, బురదగుంటల్లో ఉండేవి, ఏటి మడుగుల్లో మనిషి కాలంత పెరిగేవి. నేలడుగు నీళ్ళలోనూ ఉన్నాయంటారు, ఎర్రగా, వానపాముల్లా. పిల్లలుగా ఉన్నప్పుడు అన్నీ ఎర్రగా, సన్నగానే ఉంటాయి. అన్నీ వేటాడేవే. కదలకుండా కాచుకుని, దగ్గరికొచ్చాక ఒక్క గుటక."

"మీవాడికి ఏదో కొత్త రకం దొరికిందని, తన పేరు మీదే ప్రకటిస్తానని స్నేహితులకు చెప్పాడట?"

"పిచ్చివాడు. అన్నీ కలలే."

"సరే, మరి ఇది?"

పడవవాడి భార్య గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేసింది.

"ఏటిదే" అంది మేడమ్.

పడవవాడి భార్య గోడవార కూలబడిపోయింది. ఎస్సై సంతకం తీసుకున్నాడు. "కోర్టుకెక్కేదాకా దీన్ని మీరే ఉంచండి. మీకంటే బాగా ఎవరు చూసుకుంటారు?" అంటూ లేచాడు.

నిజమే, మేడమ్ సాయంత్రం ఆ సీసాను కొంగుచాటున ఇంటికి తెచ్చుకుని, పెరటి బావి మీది రేకు పక్కకు జరిపి, వానపాములాంటి ఆ ఎర్రటి పిల్లను అది పుట్టిన నీళ్ళలోకే వదిలేసింది.